బీఈడీ ఇంటర్న్‌షిప్ ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది, బెంగళూరు స్కూళ్లకి పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

పలకాబలపం:
అందరికీ నమస్కారం. బెంగళూరులో బీఈడీ రెండో ఏడాది. మెథడ్స్ (బోధించడానికి ఎంచుకున్న సబ్జెక్టులు) లెక్కలు, ఫిజికల్ సైన్సు. 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో రెండే మిగిలాయి, జనవరి నుంచి స్కూళ్లకి అప్లై చేయాలి. రెజ్యూమెతో పాటు పోర్ట్‌ఫోలియో కూడా పంపమని చాలాచోట్ల అడుగుతున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నవి: లెసన్ ప్లాన్ రికార్డులు రెండు, చార్టుల ఫొటోలు, వర్క్‌షాపు సర్టిఫికెట్లు 11, సూపర్‌వైజర్ గారి అబ్జర్వేషన్ షీట్లు, పిల్లల వర్క్‌షీట్లు ఒక కట్ట. అన్నీ కలిపి ఫైలు పెడితే 90 పేజీలు దాటింది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? కాగితం ఫైలా, లింకా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల పంతులు (కేఆర్ పురం):
90 పేజీలు ఎవరూ తిప్పరండి. 12 నుంచి 15 పేజీలకి దించండి. తీసేసినవి పారేయొద్దు, మూల ఫైలుగా ఇంట్లో ఉంచుకుని ఏ స్కూలుకి ఏది కావాలో అందులోంచి ఏరుకోండి.

మైక్రో టీచింగ్ (కాలేజీలో చిన్న పాఠం చెప్పే సాధన) షీట్లు, ఒక్కరోజు వెబినార్ సర్టిఫికెట్లు, చార్టుల ఫొటోలు ముందు పక్కన పెట్టేయండి. చార్టు ఫొటో చూస్తే చార్టు అందంగా ఉందని తెలుస్తుంది, పిల్లలకి లెక్క వచ్చిందో లేదో తెలియదు. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లకి కావలసింది ఆ రెండోదే.

అందుకని ఫైలు నడుమ ఒకే ఒక్క పాఠాన్ని పూర్తిగా చూపించండి. పది పాఠాల ప్లాన్లు పెట్టడం కన్నా ఒక్క పాఠం ముందు, మధ్య, తర్వాత పెట్టడం మేలు. ఆరో తరగతి భిన్నాల కూడికే తీసుకుందాం.

మొదటి పేజీలో పాఠానికి ముందు ఇచ్చిన చిన్న పరీక్ష ఉండాలి. ఐదు లెక్కలు చాలు. 1/2 + 1/3 ఇస్తే కొందరు 2/5 అని వేస్తారు. పైవి రెండూ కూడి పైన, కిందివి రెండూ కూడి కింద. అలా వేసిన ఒక కాగితం ఫొటో పెట్టి, పక్కన ఆ తప్పు ఎందుకు వచ్చిందో మీ మాటల్లో రాయండి. పిల్లవాడి కంటికి 1/2 అనేది ఒక సంఖ్యగా ఆనలేదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు అంకెలుగా ఆనింది. అందుకే పూర్ణసంఖ్యల అలవాటు ఇక్కడికీ వచ్చేసింది. ఈ రెండు మూడు వాక్యాలు మొత్తం ఫైలుకి ప్రాణం.

తర్వాత రెండు పేజీలు లెసన్ ప్లాన్. 12 సెం.మీ. కాగితపు పట్టీ ఇస్తారు. సగానికి మడిస్తే 6, మూడో వంతుకి మడిస్తే 4. రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే 10. అంటే 12లో 10, అదే 5/6. జవాబు 2/5 అయితే ముక్క 4.8 సెం.మీ. రావాలి, అది సగం పట్టీ కన్నా చిన్నది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అవుతుందన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది. 12 సెం.మీ. పట్టీయే ఎందుకో కూడా ప్లాన్‌లో ఒక వాక్యం రాయాలి: 12ని 2తోనూ 3తోనూ భాగించొచ్చు. 10 సెం.మీ. పట్టీ ఇస్తే మూడో వంతు దగ్గర 3.33 వచ్చి, పిల్లలు భిన్నాలు వదిలేసి స్కేలు గీతలతో కుస్తీ పడతారు. ఇలాంటి ఎంపికకి కారణం రాసినవాళ్లు ఆలోచించి పాఠం చెప్పారని తెలిసిపోతుంది.

నాలుగో పేజీలో పాఠం తర్వాత అదే పిల్లవాడు చేసిన లెక్క, దాని కింద ఇంకా రాని ఒకరి లెక్క. ఈ రెండోది దాచేయకండి. ఐదో పేజీ మీ సమీక్ష, అర పేజీ.

బడిగంట:
పంతులు గారి మాటకి ఇంటర్వ్యూ బల్ల అవతలి నుంచి ఇంకొంచెం కలుపుతాను. ప్యానెల్‌లో సాధారణంగా ప్రిన్సిపాల్, కోఆర్డినేటర్, సబ్జెక్టు హెడ్ ఉంటారు. మీరు మాట్లాడుతుండగానే ఫైలు చేతులు మారుతుంది, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు నిమిషాలకి మించి ఉండదు. కాబట్టి మొదటి పేజీలోనే విషయసూచిక, పేజీ నంబర్లు, పక్కకి కనిపించేలా రంగు ట్యాబులు ఉండాలి. "పిల్లల పని" అన్న ట్యాబు అన్నిటికన్నా పైన అంటించండి, చెయ్యి నేరుగా అక్కడికే వెళ్తుంది.

మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) కార్డు పోర్ట్‌ఫోలియోలో కలపొద్దు. వాటికి వేరే ఫైలు. మొదటి రౌండులో జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, ఎవరడిగినా వదిలి రావొద్దు.

టెట్ సంగతి: 1 నుంచి 8 తరగతులకి అది అర్హతగా ఎన్‌సీటీఈ (టీచర్ల విద్యని చూసే కేంద్ర సంస్థ) 2010లోనే పెట్టింది. మీ మెథడ్స్‌కి సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) పేపర్ 2. 150కి జనరల్ కేటగిరీలో 90 రావాలి. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, డిజిలాకర్‌లో దొరుకుతుంది. సొంత రాష్ట్రం టెట్ మాత్రమే ఉంటే, అది ఒప్పుకుంటారో లేదో అప్లై చేసే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పోలీసు వెరిఫికేషన్ కూడా చేరేటప్పుడు అడుగుతారు. కర్ణాటకలో సేవా సింధు పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఫర్ వచ్చేదాకా ఆగితే చేరే తేదీకి చేతికి రాకపోవచ్చు.

చాక్‌పీస్:
లెసన్ ప్లాన్ గురించి. కాలేజీ రికార్డులోది ఉన్నదున్నట్టు జిరాక్స్ తీసి పెట్టేవాళ్లే ఎక్కువ. ఒకే కాలేజీ నుంచి ముగ్గురు వస్తే మూడు ఫైళ్లలోనూ అదే ప్లాన్, అవే వాక్యాలు. అక్కడే నమ్మకం పోతుంది.

లక్ష్యాల దగ్గర మొదలుపెట్టండి. "విద్యార్థి భిన్నాల కూడికను అవగాహన చేసుకుంటాడు" అని రాస్తే, అవగాహన అయిందని ఎలా తెలుస్తుందని సబ్జెక్టు హెడ్ తప్పకుండా అడుగుతారు. ఇలా రాయండి: "హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాల్ని పట్టీతో చూపించి, ఒకే హారానికి మార్చి కూడుతారు. 5 లెక్కల్లో 4 సరిగ్గా వస్తే లక్ష్యం నెరవేరినట్టు." కంటికి కనిపించే పని, లెక్కపెట్టగలిగే హద్దు, రెండూ అందులో ఉన్నాయి.

కాలేజీల్లో ఇప్పటికీ పాఠాన్ని వరుస మెట్లుగా విడగొట్టే హెర్బార్ట్ పద్ధతి రాయిస్తారు. సీబీఎస్ఈ స్కూళ్లలో ఎక్కువగా ఫైవ్ ఈ పద్ధతి వాడతారు: ఆసక్తి రేపడం, అన్వేషించడం, వివరించడం, విస్తరించడం, మూల్యాంకనం. రికార్డంతా దీంట్లోకి తిరగరాయక్కర్లేదు. చూపించబోయే ఒక్క పాఠాన్ని మార్చండి చాలు. నిమిషాల గడి మాత్రం తప్పకుండా ఉండాలి. 40 నిమిషాల పీరియడ్ అయితే పై క్రమంలో 5, 12, 10, 8, 5. పట్టీలు క్లాసులో కత్తిరించడం పెట్టుకుంటే పది నిమిషాలు దానికే పోతాయి, మూల్యాంకనానికి టైముండదు. "పట్టీలు ముందే కత్తిరించి, మనిషికి 3 చొప్పున కవర్లలో" అని సామగ్రి గడిలో రాసి ఉంటే, ఆ ఒక్క ముక్కతోనే క్లాసు నడిపిన మనిషి రాసిన ప్లాన్ అని అర్థమవుతుంది.

ఇంకోటి. సూపర్‌వైజర్ గారి ఎర్ర సిరా రాతలు ఉన్న పేజీ ఉంచండి. "బోర్డు కుడి సగం ఖాళీగా వదిలేశారు" అని రాసి ఉంటే, దాని పక్క పేజీలో తర్వాతి పాఠం బోర్డు ఫొటో. దిద్దితే దిద్దుకునే మనిషని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు లేదు. స్కాన్ మాత్రం రంగులోనే తీయండి, నలుపు తెలుపులో ఎర్ర సిరా మీ రాతలో కలిసిపోతుంది.

వైట్‌ఫీల్డ్ బడి:
వీడియో కూడా అడుగుతున్నారు. ఎంతసేపు ఉండాలి? ఫోనుతో తీస్తే సరిపోతుందా?

నల్లబల్ల:
ఫోను చాలండి. నిడివి 3 నుంచి 5 నిమిషాలు, మధ్యలో కత్తిరింపుల్లేకుండా ఒకే ముక్క. పాటలు, టైటిళ్లు, వేగంగా మారే దృశ్యాలు పెడితే క్లాసులో నిజంగా ఏం జరిగిందో దాస్తున్నట్టు ఉంటుంది.

ఫోను అడ్డంగా, స్టాండు మీద, వెనక మూల నుంచి. బోర్డు, మీరు, పిల్లల వీపులు కనపడాలి. కిటికీ ఫోనుకి ఎదురుగా ఉంటే మీ ముఖం నల్లగా పడుతుంది, కాబట్టి కిటికీ ఉన్న వైపు మూలలో పెట్టండి. అన్నిటికన్నా ఎక్కువ చెడేది మాట. వెనక నుంచి తీస్తే ఫ్యాను చప్పుడు, బెంచీల చప్పుడు ముందు పడతాయి, మీ గొంతు వెనక్కి పోతుంది. మామూలు కాలర్ మైకు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కొనుక్కోవచ్చు. 30 సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో విని, అప్పుడు క్లాసు మొదలుపెట్టండి. మైకు దుపట్టాకి గానీ గొలుసుకి గానీ రాసుకుంటే గరగర వస్తుంది, అది తర్వాత తీసేయడం కష్టం.

ఏ ముక్క ఎంచుకోవాలన్నది ఇంకా ముఖ్యం. మీరు చక్కగా వివరిస్తున్న ముక్క కాదు. ప్రశ్న వేసి, ఆగి, ఒక పిల్లవాడు తప్పు జవాబు చెప్తే దాన్ని మీరు ఎలా అందుకున్నారో కనిపించే ముక్క. ప్రశ్న వేశాక టీచర్లు దాదాపు ఒక్క సెకనే ఆగుతారని, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, మాట్లాడేవాళ్లు పెరుగుతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. మీ వీడియోలో ఆ 3 సెకన్ల నిశ్శబ్దం ఉంటే తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

పలకాబలపం:
చాలా ఉపయోగంగా ఉందండి. పిల్లల కాగితాల ఫొటోలు, వీడియో బయటి వాళ్లకి చూపించొచ్చా? పేర్లు మార్కర్‌తో కొట్టేస్తే సరిపోతుందా?

సర్జాపుర రోడ్డు:
సరిపోదు. ఈ విషయంలో ఏమాత్రం తేలిగ్గా ఉండొద్దు.

నల్ల మార్కర్ కింద పెన్ను గీత వెలుతురు పడితే కనిపిస్తుంది. పేరు మీద చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టి, అప్పుడు ఫొటో తీయండి. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీస్తే అవతలివాళ్లు ఆ డబ్బా జరిపి కింద ఏముందో చూడగలరు. ఆ పేజీని బొమ్మగా మార్చి మళ్లీ పీడీఎఫ్‌లో పెట్టాలి. పేరొక్కటే కాదు, నోట్‌బుక్ లేబుల్, రోల్ నంబరు, యూనిఫాం మీది బ్యాడ్జీ, గోడ మీది స్కూలు పేరు, అన్నీ చూసుకోండి. ఫైల్లో "విద్యార్థి అ", "విద్యార్థి ఆ" అని రాస్తే చాలు.

అనుమతి కాగితం మీద ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఇంటర్న్‌షిప్ స్కూలు హెచ్‌ఎం గారి దగ్గర ఒక పేజీ లెటరు తీసుకోండి: ఏ తరగతి, ఏ తేదీ, ఏం తీశారు, ఎవరికి చూపిస్తారు, ఎప్పుడు తీసేస్తారు. పిల్లల ముఖాలు పడితే తల్లిదండ్రుల సంతకాలు వేరుగా కావాలి. రెండు వారాలే ఉన్నాయి గనక ఈ పని రేపే మొదలుపెట్టండి. ఇంటర్న్‌షిప్ అయిపోయాక వెళ్లి అడిగితే పనవ్వడం కష్టం. అనుమతి రాకపోతే వీడియో మానేసి, ఖాళీ గదిలో బోర్డు ముందు అదే పాఠం 4 నిమిషాలు చెప్పి పెట్టండి. యూట్యూబ్‌లో మాత్రం ఎక్కించొద్దు, "అన్‌లిస్టెడ్" అయినా సరే. లింకు చేతులు మారితే ఎవరైనా చూస్తారు.

హెచ్‌ఎస్ఆర్ టీచరమ్మ:
కాగితమా లింకా అన్నదానికి: రెండూ. పంపేటప్పుడు ఒకే పీడీఎఫ్, 5 ఎంబీ లోపు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు 20 కవర్ల డిస్‌ప్లే ఫైలు. అవెన్యూ రోడ్డులో గానీ ఇంటి దగ్గర స్టేషనరీ షాపులో గానీ దొరుకుతుంది. స్పైరల్ బైండింగ్ వద్దు, ఒక్క పేజీ మార్చాలన్నా మొత్తం విప్పాలి. లామినేషన్ అసలొద్దు, ట్యూబ్‌లైటు కింద మెరిసి రాత కనపడదు.

లింకుల్లో చెడేవి ఇవి. కాలేజీ ఇచ్చిన మెయిల్ డ్రైవ్‌లో పెడతారు, కోర్సు అయ్యాక ఆ మెయిల్ ఆపేస్తారు, ఫైళ్లన్నీ దాంతోపాటే పోతాయి. కాబట్టి సొంత మెయిల్‌లోకి ఇప్పుడే దించుకోండి. రెండోది, షేరింగ్ మార్చకుండా లింకు పంపుతారు, ప్రిన్సిపాల్ నొక్కితే "అనుమతి అడగండి" అని వస్తుంది. అడిగి ఎదురుచూసే తీరిక ఎవరికీ ఉండదు. పంపే ముందు వేరే ఫోనులో, మీ మెయిల్ లాగిన్ లేకుండా తెరిచి చూడండి. వీడియో ఉన్న ఫోల్డరు మాత్రం అందరికీ తెరవకుండా ఆ స్కూలు మెయిల్‌కే అనుమతి ఇవ్వండి. ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోలుగా పంపుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఫైలు పేరు "ఫైనల్ కొత్తది 2" అని కాకుండా మీ పేరు, సబ్జెక్టు, ఏడాది.

వైట్‌ఫీల్డ్ బడి:
కాగితం ఫైలు ఈ రోజుల్లో ఎవరు చూస్తారండి? లింకొక్కటే చాలదా?

బడిగంట:
చూస్తారండి. డెమో క్లాసు అయ్యాక నేరుగా ప్యానెల్ ముందు కూర్చోబెడతారు, అక్కడ లాప్‌టాప్ తెరిచి లింకు వెతికే వీలుండదు. 15, 20 నిమిషాల డెమో చెప్పి వచ్చినవాళ్లని "ఈ పాఠం తర్వాత ఏం చేస్తారు?" అని అడిగితే, ఫైలు తెరిచి "ఇలాంటి పాఠం తర్వాత ఇలా చేశాను" అని పేజీ చూపించగలగాలి. లింకు పిలుపు రావడానికి, కాగితం గదిలో మాట్లాడటానికి.

పలకాబలపం:
"టీచింగ్ ఫిలాసఫీ" ఒక పేజీ రాయమంటున్నారు. కన్నడ చదవడం వచ్చు, రాయడం సరిగ్గా రాదు. అది ఎక్కడ రాయాలి?

చాక్‌పీస్:
ఫిలాసఫీ పేజీ కాదు, 150 పదాలు చాలు. పెద్దపెద్ద పేర్లు, "ప్రతి పిల్లవాడూ ప్రత్యేకం" లాంటి వాక్యాలు తీసేయండి. పరీక్ష ఇదే: మీ వాక్యం వేరే అభ్యర్థి ఫైల్లో పెట్టినా అతుకుతుందా? అతికితే కొట్టేయండి. "తప్పు జవాబు వస్తే సరైంది చెప్పే ముందు, ఎలా వచ్చిందో ఆ పిల్లవాడి చేతే చెప్పిస్తాను" అన్నది మీది, ఎందుకంటే నాలుగు పేజీల తర్వాత దానికి రుజువుంది. ఏఐ చేత రాయించినవి ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. అందులో ఒక మాట పట్టుకుని "దీనికి మీ క్లాసులోంచి ఉదాహరణ చెప్పండి" అంటే ఆగిపోతున్నారు.

భాషలు రెజ్యూమెలో ఉన్నదున్నట్టు రాయండి: తెలుగు మాట్లాడటం, చదవడం, రాయడం. కన్నడ మాట్లాడటం, చదవడం. ఇక్కడ తల్లిదండ్రుల మీటింగుల్లో, ఆయమ్మలతో, బస్సు డ్రైవర్లతో కన్నడ బాగా అక్కరకొస్తుంది. పీటీఎంలో కన్నడలో రెండు నిమిషాలు మాట్లాడగలిగితే ఆ మాట కూడా రాయండి. మారతహళ్లి, కేఆర్ పురం వైపు క్లాసుల్లో తెలుగు పిల్లలూ ఎక్కువే కాబట్టి తెలుగు చిన్న అర్హతేం కాదు.

పలకాబలపం:
సమీక్ష రాశాను, చూడండి: "ఈ పాఠం చాలా బాగా జరిగింది. విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు. కృత్యాల ద్వారా నేర్చుకుంటే బాగా గుర్తుంటుందని గ్రహించాను. మున్ముందు మరిన్ని కృత్యాలు చేయిస్తాను."

లెక్కల పంతులు (కేఆర్ పురం):
ఇది ఏ పాఠానికైనా సరిపోయేలా ఉందండి. అంకెలు లేవు, పిల్లలు లేరు. వర్క్‌షీట్ల కట్ట ముందు పెట్టుకుని మూడు కుప్పలు చేయండి: వచ్చినవాళ్లు, పట్టీతో వచ్చి కాగితం మీద రానివాళ్లు, రెండూ రానివాళ్లు. లెక్కపెట్టి మళ్లీ రాయండి. "ఉత్సాహం" అన్న మాట ఎక్కడా వద్దు.

పలకాబలపం:
మూడు కుప్పలు చేశాను. ఇప్పుడు ఇలా ఉంది: "38 మందిలో పాఠానికి ముందు 21 మంది పైవి పైన, కిందివి కింద కూడారు. పాఠం తర్వాత 6 మంది అదే తప్పు చేశారు. ఆ ఆరుగురిలో నలుగురు పట్టీతో 5/6 చూపించగలిగారు, కాగితం మీద మళ్లీ 2/5 రాశారు. పట్టీని, రాతని కలిపే మెట్టు నేను వేయలేదు. ముక్కలు పక్కపక్కన పెట్టిన వెంటనే కింద 3/6 + 2/6 అని రాయించి ఉండాల్సింది. ఇంకో రోజు మళ్లీ చేయిస్తాను."

లెక్కల పంతులు (కేఆర్ పురం):
ఇదీ సమీక్ష అంటే. ప్యానెల్ దీని మీదే పది నిమిషాలు మాట్లాడుతుంది, సిద్ధంగా ఉండండి. చివరి వాక్యం ఒక్కటి మార్చాలి. "ఇంకో రోజు" కాదు, ఇంకా రెండు వారాలు క్లాసు మీ చేతిలోనే ఉంది. ఆ ఆరుగురిని ఈ వారమే 15 నిమిషాలు కూర్చోబెట్టి, పట్టీ కిందే 3/6 + 2/6 రాయించి, ఈసారి 1/2 + 1/4 ఇవ్వండి. 12 సెం.మీ. పట్టీలో అవి 6, 3 అవుతాయి, అదే పట్టీ పనికొస్తుంది. తేదీ వేసి ఆ కాగితాలు ఆరో పేజీగా పెట్టండి.

సర్జాపుర రోడ్డు:
ఆ ఆరు కాగితాలకి కూడా పేర్ల మీద ముక్క అడ్డం పెట్టే ఫొటో తీయండి. హెచ్‌ఎం గారి లెటర్‌లో ఆ కొత్త తేదీ కూడా చేర్పించండి.